నాన్నకు మీసోథీలియోమా, ఆపరేషన్‌కి ఒప్పుకోవాలా వద్దా?

రేకులఇల్లు:
మా నాన్నకు 66 ఏళ్లు. 1980ల చివర్లో సిమెంట్ రేకుల ఫ్యాక్టరీలో చేరి తొమ్మిదేళ్లు చేశారు. ఆస్‌బెస్టాస్ గోతాలు విప్పి పోసే పని, మాస్కు సంగతి అప్పట్లో ఎవరికి తెలుసు. నిరుడు కుడి ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరితే ముందు టీబీ అని నాలుగు నెలలు మందులు మింగించారు, తీసినకొద్దీ నీరు వస్తూనే ఉంటే అప్పుడు బయాప్సీ చేసి ప్లూరల్ మీసోథీలియోమా, అంటే ఆస్‌బెస్టాస్ వల్ల ఊపిరితిత్తి చుట్టూ ఉండే పొరకి వచ్చే క్యాన్సర్ అన్నారు. సర్జన్ గారేమో "పొరంతా ఒలిచేద్దాం, ఛాన్స్ ఉంది" అంటున్నారు. కీమో డాక్టరమ్మ కత్తి జోలికే వెళ్లొద్దంటున్నారు. ఇంట్లో ఎవరికీ నిద్రల్లేవు. మీరేమంటారు?

విశాఖ_వాసు:
తీయించెయ్యండి అన్నా. లోపల పెట్టుకుని ఎన్నాళ్లు కూర్చుంటారు? మా బాబాయికి పెద్దపేగు క్యాన్సర్ ఆపరేషనై ఎనిమిదేళ్లయింది, పొలం పనులు కూడా చేసుకుంటున్నారు.

బర్మింగ్‌హామ్_నర్స్:
వాసు గారూ, మీ బాబాయి గారు చల్లగా ఉండాలి, కానీ ఆ గడ్డ వేరు, ఇది వేరు. ఇది ఒకచోట ముద్దలా ఉండదండీ, గోడకి సున్నం కొట్టినట్టు పొర మీద పరుచుకుంటుంది, ఎంత ఒలిచినా ఎక్కడో కాస్త మిగులుతుంది. ఇక్కడ బ్రిటన్‌లో మార్స్-2 అని సరిగ్గా ఈ ప్రశ్న మీదే ట్రయల్ చేశారు. 335 మందికి ముందు రెండు సైకిళ్లు కీమో ఇచ్చి, సగం మందికి ఆపరేషన్ ప్లస్ కీమో, మిగతా సగానికి కీమో ఒక్కటే. ఆపరేషన్ వాళ్ల మధ్యస్థ ఆయుష్షు (అంటే సగం మంది అంతకంటే ఎక్కువ బతికారని) 19.3 నెలలు, కీమో ఒక్కటే తీసుకున్నవాళ్లది 24.8. తిప్పి రాయలేదు, నిజంగానే అంతే. తీవ్రమైన ఇబ్బందులు కూడా ఆపరేషన్ వైపే మూడున్నర రెట్లు.

సందేహాల_రావు:
ఆ పేపర్ నేనూ చదివాను. ఆపరేషన్ జరిగాక 90 రోజుల్లోపే దాదాపు 9 శాతం పోయారు. రోజూ ఇదే పని చేసే పెద్ద సెంటర్లలో ఇంతకంటే తక్కువ అని అమెరికా సర్జన్లు అప్పుడే గొడవ చేశారు. ఇంకోటి, మూడున్నరేళ్లు దాటి బతికినవాళ్లను చూస్తే గ్రాఫులో గీత ఆపరేషన్ వైపు మొగ్గింది. ఒక్క ట్రయల్‌తో తలుపు మూసేస్తారా?

బర్మింగ్‌హామ్_నర్స్:
రావు గారూ, మూడున్నరేళ్లు దాటేసరికి మిగిలిందే కొద్దిమంది. అంత తక్కువ మందితో గీత ఎటైనా వంగుతుంది, గణాంకాల లెక్కలోనూ అది నిలబడలేదు. పెద్ద సెంటర్ల మాట ఒప్పుకుంటాను, కానీ వాళ్ల గొప్ప ఫలితాలు ఏరుకున్న పేషెంట్లవి. గట్టిగా ఉన్నవాళ్లనే ఆపరేషన్‌కి తీసుకుని, వాళ్లు ఎక్కువ కాలం బతికారు చూడండి అంటే ఎలా? పైగా ఇది రెండోసారి. 2011లో వచ్చిన మొదటి మార్స్‌లో, చిన్న ట్రయలే లెండి 50 మంది, ఊపిరితిత్తి మొత్తం తీసేసిన వాళ్లు 14.4 నెలలు, తీయనివాళ్లు 19.5.

విశాఖ_వాసు:
మరి స్టీఫెన్ జే గౌల్డ్ అని ఒక సైంటిస్టు ఇదే జబ్బుతో ఇరవై ఏళ్లు బతికాడంటారుగా?

మందులషాపు_రమణి:
ఆయనది పొట్ట పొరలో వచ్చింది, ఛాతీలో కాదు. రెండింటికీ వైద్యమే వేరు. సరే గానీ రేకులఇల్లు తమ్ముడూ, అందరూ కొట్టుకుంటున్నారు గానీ అసలు సంగతి ఎవరూ అడగలేదు. బయాప్సీలో ఏ రకం అని రాశారు? కణాల ఆకారాన్ని బట్టి ఎపిథీలియాయిడ్, సార్కోమటాయిడ్, ఆ రెండూ కలిసిన బైఫేజిక్, ఈ మూడింట్లో ఏది?

రేకులఇల్లు:
ఇప్పుడే తీసి చూశాను అక్కా. బైఫేజిక్ అని ఉంది. దాని గురించి ఎవరూ ఏమీ చెప్పలేదు.

మందులషాపు_రమణి:
అయితే సర్జన్ గారిని గట్టిగా అడగాల్సిందే, ఎందుకంటే ఎపిథీలియాయిడ్ కాకపోతే ఆపరేషన్ మీద చాలామంది డాక్టర్లు ఆసక్తే చూపరు. ఇమ్యునోథెరపీ, అంటే ఒంట్లోని రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదకి ఉసిగొల్పే మందులు, ఆ మాట ఎత్తారా? నివోలుమాబ్, ఇపిలిముమాబ్ కలిపి ఇచ్చిన చెక్‌మేట్ 743 ట్రయల్‌లో, ఆపరేషన్‌కి వీలుకాని 605 మంది మీద చేసింది అది, ఎపిథీలియాయిడ్ కాని రకాల్లో మధ్యస్థ ఆయుష్షు కీమోతో 8.8 నెలలు, ఈ జంటతో 18.1. ఎపిథీలియాయిడ్‌లో మాత్రం తేడా అంత పెద్దది కాదు. అమెరికాలో 2020లోనే అనుమతి వచ్చింది. మార్స్-2లో చేరినవాళ్లలో చాలామంది నాటికి ఇది చేతిలో లేదు, కాబట్టి ఇప్పుడు "ఆపరేషనా, కీమోనా" అన్న ప్రశ్నే కాస్త పాతది.

సందేహాల_రావు:
ఈ పాయింట్ ఒప్పుకుంటున్నా. కానీ ఖర్చు లక్షల్లో అమ్మా, అదీ చెప్పండి.

మందులషాపు_రమణి:
చెప్తున్నా, లక్షల్లోనే. మందు కంపెనీ సాయం ఏమైనా ఉందేమో హాస్పిటల్ సోషల్ వర్కర్‌ని అడగండి, సిగ్గుపడొద్దు. వీలుకాకపోతే పెమెట్రెక్సెడ్, సిస్‌ప్లాటిన్ కీమో ఉంది. ముందైతే నీరు మళ్ళీ చేరకుండా ఊపిరితిత్తి పొరల మధ్య టాల్కు పొడి వేయించే సంగతి కనుక్కోండి, ఆయాసం తగ్గితే మీ నాన్న కనీసం పడుకోగలరు.

రేకులఇల్లు:
సోమవారం డాక్టరమ్మ దగ్గరికి వెళ్తున్నాం, రిపోర్టు పట్టుకెళ్తా. నాన్న ఇందాక పక్కనే కూర్చుని ఇదంతా చదివించుకున్నారు. "ఆ తొమ్మిదేళ్లకి పీఎఫ్ ఎంతొచ్చిందో గుర్తుందా?" అని అడిగి నవ్వుతున్నారు.