కారు షెడ్డులో రెండు పడకగదులు: చేసినవాళ్లు చెప్పండి

పొదలకూరు రోడ్డు:
మాది నెల్లూరే, 2009లో కట్టిన ఇల్లు, పైన ఇంకో అంతస్తు అద్దెకిచ్చాం. కింద ముందువైపు కారు షెడ్డు ఉంది, 11 అడుగుల వెడల్పు, 18 అడుగుల పొడవు, పైన స్లాబే, ముందు షట్టర్. ఇద్దరు పిల్లలు, ఊర్నుంచి అమ్మానాన్న వచ్చేశారు, ఇప్పుడు మా ఆవిడకి మళ్లీ ఆరో నెల. ఉన్నవి రెండే పడకగదులు. షట్టర్ పీకేసి గోడ కట్టి, మధ్యలో అడ్డగోడ పెట్టి రెండు గదులు చేద్దామని ఆలోచన. నేల ఇంటికంటే అడుగున్నర కిందుంది. ఒక మూల కింద సెప్టిక్ ట్యాంకు ఉంది. ఏ ఇటుక మంచిది, ఎంతవుతుంది, పర్మిషన్ కావాలా?

కోవూరు:
ఇటుక సంగతి తర్వాత అన్నా, అడుగున్నర కింద అన్నావే, అది చూడు ముందు. మేం 2018లో ఇట్టనే చేశాం. 2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు పడుగుపాడు దగ్గర రైలు పట్టాలే కొట్టుకుపోయినాయి, ఇక మేమెంత. ఇంట్లోకి చుక్క రాలేదు, మూడు మెట్లు ఎత్తు కాబట్టి. షెడ్డు గదిలో మాత్రం మోకాళ్ల లోతు. ప్లైవుడ్ బీరువా పూరీలా ఉబ్బింది. మా అత్తగారు ఇప్పటికీ ఎవరొచ్చినా ఆ కథే చెబుతారు, తప్పు నాదే అన్నట్టు.

ముప్పై ఏళ్ల మేస్త్రి:
ఇట్టాంటివి నా చేత్తో ఎన్ని చేశానో లెక్కలేదు. గ్రావెల్ పోసి, నీళ్లు పెట్టి దిమ్మిస కొట్టి, ఇంటి మట్టానికి లేపి పైన బెడ్ కాంక్రీటు, అంటే టైల్స్ కింద వేసే కాంక్రీటు పొర. చెదల మందు కొట్టకుండా మాత్రం బెడ్ వెయ్యొద్దు. ట్యాంకు మూత మీద కూడా బెడ్ వేసి టైల్స్ పరిచేయండి, ఏం కాదు. పదిహేను రోజుల పని. వీళ్లూ వాళ్లూ చెప్పేది వినకండి.

ఒంగోలు డిప్లొమా:
ఏం కాదా? మూత మూసేస్తే రేపు ట్యాంకు నిండినప్పుడు ట్యాంకర్ వాడు గొట్టం ఎక్కడ పెట్టాలి, మంచం కిందా? లోపల తయారయ్యే గ్యాసు ఎక్కడికి పోవాలి? కుళ్లిన కోడిగుడ్డు వాసన వచ్చే గ్యాసు ఉంటుందే, అది ఎక్కువైతే ప్రాణం తీస్తుంది. దాని మీద ముసలివాళ్లను పడుకోబెడతారా?

ముప్పై ఏళ్ల మేస్త్రి:
పుస్తకాలు చదివి భయపెట్టకు తమ్ముడూ. గాలి గొట్టం ఉంటుంది కదా, దాన్ని పైకి లాగితే సరి. సగం నెల్లూరు ఇళ్లలో ట్యాంకు మీదే వంటగది ఉంది.

ఒంగోలు డిప్లొమా:
ఉంటే అది సరైనదని ఎట్టా అవుతుంది? మూత ఊడదీయలేక చివరికి కూలివాణ్ణి లోపలికి దింపుతారు. రక్షణ సామగ్రి ఇవ్వకుండా మనిషిని సెప్టిక్ ట్యాంకు శుభ్రం చెయ్యడానికి దింపడం, పాకీ పనిని నిషేధించిన 2013 చట్టం ప్రకారం నేరం, తెలుసా మేస్త్రీ?

ముప్పై ఏళ్ల మేస్త్రి:
నేనెవర్నీ దింపలేదు. మాటలు జాగ్రత్త.

ఈశాన్యం:
అసలు ఆ షెడ్డు ఏ మూల ఉందో ఎవరూ అడగలేదు. ఈశాన్యమైతే బరువు పెంచొద్దు, ట్యాంకు అక్కడుంటే ఇంకా దారుణం. ముందు దిక్కు చెప్పండి.

వేదాయపాళెం అమ్మ:
దిక్కు కాదండీ, కిటికీ అడగాలి. షెడ్డులో చేసిన మా గదికి మూడు వైపులా పక్కవాళ్ల గోడలే. ముందువైపు ఒక్క కిటికీ పెట్టాం, అది తెరిస్తే వీధిలో వాళ్లంతా చూస్తారు, మూస్తే గాలి లేదు. రోహిణి కార్తెలో మా పెద్దాడు చాప తీసుకుని మేడ మీదికి పోయేవాడు. ఇప్పుడు అది ఉల్లిపాయల గది. బాత్రూం కూడా కట్టలేదు, రాత్రిపూట మామయ్యగారు ఇల్లంతా దాటి వెళ్లాలి. ఈ అబ్బాయి బాత్రూం ఊసే ఎత్తలేదు చూశారా.

చీమకుర్తి:
ఫ్లోరింగ్‌కి టైల్స్ వద్దు, మా దగ్గర గ్రానైట్ ముక్కలు దొరుకుతాయి. బ్లాక్ గెలాక్సీ, మెరుపు చుక్కల నల్ల రాయి.

కోవూరు:
పడకగదికి బ్లాక్ గెలాక్సీ ఎందుకయ్యా, సమాధా?

చీమకుర్తి:
ప్రపంచమంతా కొంటున్నారు. ప్రకాశం సరుకంటే నెల్లూరోళ్లకి ఎప్పుడూ చులకనే.

కందుకూరు:
మమ్మల్ని 2022లో ప్రకాశం జిల్లా నుంచి తీసి నెల్లూరులో కలిపినప్పుడు మీరెక్కడున్నారు? ఇప్పుడు ప్రకాశం ప్రకాశం అంటున్నారు.

ఒంగోలు డిప్లొమా:
షెడ్డు గురించి మాట్లాడండయ్యా. నేల నుంచి స్లాబు దాకా ఎంత ఎత్తో కొలిచారా? నేషనల్ బిల్డింగ్ కోడ్ ప్రకారం ఉండే గదికి 2.75 మీటర్లు, అంటే తొమ్మిది అడుగులు కావాలి. విస్తీర్ణం, రెండు గదులుంటే ఒకటి కనీసం 9.5 చదరపు మీటర్లు, దాదాపు 102 చదరపు అడుగులు, రెండోది 7.5 చదరపు మీటర్లు ఉండాలి. 11 ఇంటూ 18 మొత్తం 198. అడ్డగోడ మందం తీసి సమానంగా పంచితే ఒక్కో గది వంద కూడా రాదు. రెండు గదులు కాదు, రెండు పెట్టెలు అవుతాయి. ఇక ప్లాన్‌లో పార్కింగ్ అని చూపించిన చోటు గది చేస్తే అది ప్లాన్ ఉల్లంఘనే, సవరించిన ప్లాన్ పెట్టుకోవాలి. ఇంటి పన్ను కూడా తిరగరాస్తారు.

ముప్పై ఏళ్ల మేస్త్రి:
ఇంట్లో పిల్లలు పెరుగుతుంటే కోడ్ చూసుకుంటూ కూర్చుంటారా? నేను చేసిన ఒక్క గదికీ ఇంతవరకు నోటీసు రాలేదు.

వేదాయపాళెం అమ్మ:
మాకు వచ్చింది. పక్కింటాయన ఫిర్యాదు పెట్టాడు. కారు వీధిలో పెట్టడం మొదలుపెట్టాం కదా, వాళ్ల గేటుకి అడ్డమని. గది కట్టిన ఖర్చు ఒకటి, ఆయనతో మాటల్లేకపోవడం ఒకటి. ఇటుక గురించి అడిగారు కదా, మేం ఎర్ర ఇటుకే వాడాం.

ఈశాన్యం:
దిక్కు ఇంకా చెప్పలేదు.

పొదలకూరు రోడ్డు:
ఆగ్నేయమండీ, ట్యాంకు కూడా అక్కడే. టేపు పెట్టి కొలిచాను, నేల నుంచి స్లాబుకి పదడుగులు. అడుగున్నర లేపితే ఎనిమిదిన్నర మిగులుతుంది, ఫ్యాను వేస్తే మా నాన్న చొక్కా విప్పుకోవడానికి చెయ్యెత్తాలన్నా భయమే. అందుకని తొమ్మిది మిగిలేట్టు ఒక్క అడుగే లేపి, లోపలికి ఒక మెట్టు పెడదామనుకుంటున్నా. రెండు కాదు, ఒకటే గది. ట్యాంకు ఉన్న మూల గోడ అవతల, వీధివైపు వదిలేసి, మూత తెరుచుకునేట్టు ఉంచుతాం, స్కూటర్లు అక్కడ. ఇంకో మూల చిన్న బాత్రూం. ప్లాన్ సంగతి సోమవారం కనుక్కుంటా. కారు ఎక్కడ పెట్టాలో ఇంకా తేలలేదు. ఇదంతా అమ్మకి చదివి వినిపించాను, అదే తప్పయింది. ఆ మూలకి గోడ అడ్డం ఉన్నా సరే, నేను హాల్లోనే పడుకుంటా అంటోంది.

కావలి:
అన్నా, ఆ షట్టర్ అమ్ముతావా? మోటారుదా, చేత్తో లాగేదా?