పాత ఆడి టీటీ డోర్ స్పీకర్లు మార్చాలి, రివెట్ల సంగతి తెలిసినవాళ్లు చెప్పండి

నాది 2009 మోడల్ ఆడి టీటీ కారు, సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. వైజాగ్‌లో ఎంవీపీ కాలనీలో ఉంటాం. కొన్నాళ్లుగా డ్రైవర్ వైపు డోర్ స్పీకర్ బర్రుమంటోంది. బ్యాలెన్స్ ఎడమకి తిప్పితే పాట శుభ్రంగా వస్తుంది. కుడికి తిప్పితే మాత్రం బేస్ పడినప్పుడల్లా చిరిగిన కాగితం కొట్టుకున్నట్టు చప్పుడు. ప్యానెల్ ఊడదీసి చూస్తే కోన్ చుట్టూ ఉండే మెత్తటి అంచు పొడిపొడిగా రాలుతోంది. బండి వయసు అలాంటిది, పైగా సముద్రపు గాలి. కంపెనీని అనడానికేం లేదు.

పాతది స్క్రూలతో కాకుండా రివెట్లతో (ఒకసారి కొడితే విప్పడానికి రాని లోహపు పిన్నులు) బిగించి ఉంది. వాటి తలలు డ్రిల్లుతో తీసేశాక మళ్లీ రివెట్లే కొట్టాలా, నట్టు బోల్టు వేసినా అదరకుండా ఉంటుందా?

బాగున్న ఎడమ స్పీకర్‌కి మల్టీమీటర్ పెడితే 3.3 ఓమ్స్ (కరెంటుకి అడ్డు ఎంతో చెప్పే కొలత) చూపించింది, మీటర్లో కాస్త తక్కువే చూపిస్తుంది కాబట్టి 4 ఓమ్స్‌దే అయ్యుండాలి. షాపతనేమో 2 ఓమ్స్‌ది వేస్తే అదిరిపోతుందండీ అంటున్నాడు. ఓమ్స్ తగ్గితే కరెంటు ఎక్కువ లాగుతుంది కదా, ఆంప్లిఫయర్ వేడెక్కి పోతే ఎవరు చూస్తారు?

అసలు టెన్షన్ వానలది. అద్దం పక్కనుంచి తలుపులోకి నీళ్లు దిగడం మామూలే, కింది రంధ్రాల్లోంచి పోతాయి. స్పీకర్ చుట్టూ సీల్ సరిగా లేకపోతే అవి కాళ్ల దగ్గరికే వస్తాయి. షాపతను స్పీకర్ కింద బిగించడానికి ఎండీఎఫ్ (చెక్కపొడి అదిమి చేసిన బోర్డు) రింగ్ కోసిస్తానంటున్నాడు, అది తేమకి ఉబ్బదా? ప్లాస్టిక్ రింగ్, బ్యూటైల్ టేప్ (నీళ్లు దిగకుండా అతికించే బంక టేప్) ఊళ్లో ఎక్కడ దొరుకుతాయి? డాబాగార్డెన్స్‌లో అడిగితే లేవన్నారు.

అద్దం దించినప్పుడు మాగ్నెట్‌కి తగలకుండా ఎంత లోతు స్పీకర్ పడుతుందో కూడా, వేయించినవాళ్లుంటే చెప్పండి. ట్వీటర్లు (సన్నటి శబ్దాలకుండే చిన్న స్పీకర్లు) బాగానే ఉన్నాయి, వాటి జోలికి పోను.