సమస్యాపూరణం: నీరు పోయ నెండె నిమ్మ మొక్క

బనశంకరి మాస్టారు (ఆదివారం ఉదయం)

మన బెంగళూరు తెలుగువాళ్లందరికీ ఈ వారం సమస్య ఇదిగో. నేనిచ్చిన ఈ పాదం చివర వచ్చేలా, అర్థం కుదిరేలా పద్యం అల్లడమే పూరణం:

నీరు పోయ నెండె నిమ్మ మొక్క

ఆటవెలది చివరి పాదం. గురులఘువుల (పలకడానికి ఎక్కువ సేపు, తక్కువ సేపు పట్టే అక్షరాల) చిన్న గుంపును గణమంటాం. ఒకటి, మూడు పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. రెండు, నాలుగు పాదాల్లో అయిదూ సూర్యగణాలే. ప్రాస అక్కర్లేదు, యతి (పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరంతో జత కుదరడం) మాత్రం తప్పకూడదు. ఇచ్చిన పాదంలో 'నీ'కి 'ని'తో చెల్లింది చూసుకోండి. నీళ్లు పోస్తే బతకాలి గానీ ఎండడమేమిటని నన్నడక్కండి, అందుకే అది సమస్య అయింది. నిజానికి ఇది నా బుర్రలో పుట్టింది కాదు. కేఆర్ పురం అమ్మాయి నిన్న ఫోన్‌లో ఏడుపు గొంతుతో చెప్పిన మాటకు నేను గణాలు సరిచేశానంతే.

కేఆర్ పురం వదిన

అయితే మొదటి పద్యం నాదే కావాలి కదా మాస్టారూ.

పొద్దు పొడువ లేచి పోసితి చెంబుతో
మాపు వేళ మరల మగడు పోసె
అడుగు వేరు కుళ్ళి యాకులు రాలగా
నీరు పోయ నెండె నిమ్మ మొక్క

ఇందులో కల్పన ఏమీ లేదు. మాది విజయవాడ. అక్కడ మా అమ్మ డాబా మీద కుండీలకు రెండు పూటలా పోసేది, ఆ అలవాటు చేతికి అంటుకుపోయింది. పొద్దున నేను పోసినట్టు ఆయనకు తెలియదు, సాయంత్రం ఆయన పోసినట్టు నాకు తెలియదు. ఇద్దరమూ ప్రేమగానే పోశాం. ఆకులు పసుపురంగుకు తిరిగి వాడిపోతుంటే దాహమేమో అనుకుని ఇంకో చెంబు! కుండీ కింద నేల పాడవకూడదని పళ్లెం పెట్టాను, అందులో ఎప్పుడూ రెండు వేళ్ల లోతు నీళ్లు నిలిచే ఉండేవి. ఇంకేముంది, ఒక్క ఆకు లేదు. పుల్ల మిగిలింది.

బనశంకరి మాస్టారు

పద్యం చక్కగా నడిచిందమ్మాయ్. 'పొ'కు 'పో', 'మా'కు 'మ', యతులన్నీ సరిపోయాయి. రెండో పాదంలో మగణ్ణి లాగడం బాగుంది, సగం నేరం పంచేశావు. ఒక్క దోషం. 'పోసె' అని ముగించి వెంటనే 'అడుగు' అని అచ్చుతో ఎత్తుకున్నావు. అక్కడ సంధి జరగాలి, విడిగా వదిలేస్తే విసంధి. హల్లుతో మొదలుపెడితే గొడవే ఉండదు:

వేరు కుళ్ళిపోయి వెలవెల బోవగా

ఇక మొక్క సంగతి. బెంగళూరు సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. విజయవాడ ఎండకు సాయంత్రానికల్లా ఆరిపోయే కుండీ ఇక్కడ మబ్బు పట్టిన రోజుల్లో మూడు రోజులైనా తడిగానే ఉంటుంది. తడి మట్టిలో వేరుకు గాలి ఆడదు, కుళ్లుతుంది. కుళ్లిన వేరు నీళ్లు లాగలేదు, అందుకే నీళ్లలో నిలబడి కూడా మొక్క ఎండుతుంది. సమస్యలో ఉన్న వైరుధ్యమంతా నీ కుండీలోనే ఉంది. ఆ పుల్లను పారేశావా? పారేయకపోతే గోటితో కొంచెం గీరి చూడు. బెరడు కింద పచ్చగా ఉంటే ప్రాణం ఉన్నట్టే.

బెళ్లందూరు తమ్ముడు

వదినా, మా ఇంట్లో కారణం వేరు. మాస్టారూ, ఇది నా మూడో పద్యమే, కొంచెం చూసీ చూడనట్టు వదిలేయండి.

ట్యాంకర్లోన వచ్చు టక్కరి జలమిది
బకెటు చుట్టు తెల్ల పట్టు గట్టె
వేరు నోట బెట్ట వెగటగు నీ యుప్పు
నీరు పోయ నెండె నిమ్మ మొక్క

ఎండాకాలంలో మా అపార్ట్‌మెంట్‌కు ట్యాంకర్లే దిక్కు. అది బోరు నీళ్లు. బకెట్ అంచున తెల్లగా పొర కడుతుంది, స్పూన్‌తో గీకితే సున్నంలా రాలుతుంది. నిమ్మాకు పసుపయింది, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా అలాగే ఉన్నాయి. అది చాలక వాటర్ ఫిల్టర్ వదిలేసే నీళ్లు వృథా పోతున్నాయని అవి కూడా పోశాను. అందులో ఉప్పు ఇంకా ఎక్కువని తర్వాత తెలిసింది.

బనశంకరి మాస్టారు

వదిలేయను నాయనా. 'ట్యాంకర్లోన' దగ్గర బండి బోల్తా పడింది. ఆ పొల్లు 'ర్' ముందున్న 'క'ను గురువు చేసేసింది, సూర్యగణం కుదరదు. 'ట్యాంకరందు వచ్చు' అను, హాయిగా సాగుతుంది. మిగతాదంతా ఒప్పు. 'ఉప్పు' అని మూడో పాదం చివర ఆపి, 'నీరు'ను నాలుగో పాదంలో అందించడం పాత ఉపాయమే, అయినా చక్కగా అతికింది. వేరుకు నోరు పెట్టావు చూడు, అక్కడ నువ్వు కవివి.

నిమ్మజాతికి ఉప్పంటే అసలు పడదు. ఈనెలు పచ్చగా, మధ్యలో పసుపుగా ఉంటే ఇనుము అందడం లేదన్నమాట. మట్టిలో ఇనుము ఉండొచ్చు, సున్నపు నీళ్ల వల్ల వేరుకు చిక్కదు. వాన నీళ్లు పట్టి పోస్తూ ఉండు.

మల్లేశ్వరం పిన్ని

2024 మార్చి గుర్తుందా అందరికీ?

కారు కడుగ వద్దు కావేరి నీటితో
మడులు తడుప వద్దు మాట వినుడు
కట్టు మైదు వేలు కాదన్నచో ననె
నీరు పోయ నెండె నిమ్మ మొక్క

ఇక్కడ 'నీరు పోయ' అంటే నీళ్లు పోవడం వల్ల, అంటే రాకుండా పోవడం వల్ల అని నా భావం. ఎలా ఉంది నా శ్లేష?

జేపీ నగర్ బావ

పిన్నిగారూ, అదిరింది! మాస్టారు ఏమంటారో గానీ నా ఓటు మీకే.

బనశంకరి మాస్టారు

ఓట్లతో వ్యాకరణం మారదు బావగారూ. 'పోవు' ధాతువుకు 'పోవ' వస్తుంది. 'పోయ' వచ్చేది 'పోయు'కే. నీళ్లు పోవడం వల్ల అనాలంటే 'నీరు పోవ' అనాలి, అప్పుడు నేనిచ్చిన పాదమే మారిపోతుంది. శ్లేష చెల్లలేదు పిన్నిగారూ, మన్నించాలి. విషయం మాత్రం మంచిది. ఆ నెలలో తాగునీటితో తోట తడిపినా, కారు కడిగినా అయిదు వేల జరిమానా అన్నారు. సుమారు 100 కిలోమీటర్ల దూరం నుంచి పంపులతో ఎత్తిపోసుకునే నీళ్లు మరి. మూడో పాదం మార్చి పంపండి.

మల్లేశ్వరం పిన్ని

మార్చడమెందుకు, అప్పుడు నిజంగా జరిగిందే రాస్తాను. జరిమానా భయంతో గిన్నెలు కడిగిన నీళ్లు పొదుపుగా పట్టి కుండీలకు పోశాను. రెండు వారాలు బుద్ధిమంతురాలిలా మురిసిపోయాను. తర్వాత మట్టి మీద జిడ్డుగా పొర కట్టి, నీళ్లు పోస్తే లోపలికి దిగడమే మానేశాయి.

గిన్నెలన్ని తోమ గిలకొట్టు సబ్బుల
నీరు పోయ నెండె నిమ్మ మొక్క

బనశంకరి మాస్టారు

ఇదీ పూరణం! శ్లేష కోసం వెతికినప్పుడు దొరకనిది సింకులో దొరికింది. 'గిలకొట్టు' అన్న ఒక్క మాటలో నురగంతా కనిపించింది. కూరగాయలు, బియ్యం కడిగిన నీళ్లయితే నిక్షేపంగా పోయండి.

జేపీ నగర్ బావ

నాకు తోట లేదు, తోట చేసే ఓపికా లేదు. క్రమాలంకారంలో, అంటే ప్రశ్నలకు జవాబులు చివరి పాదంలో వరుసగా వచ్చేలా రాసి గట్టెక్కుతాను.

తోటమాలి యేమి తొలిఝాము జేయగా?
మిరప పండు మిద్దె మీద నేమి?
పులుపు జాడి కేది? పుడమి జీల్చిన దేది?
నీరు పోయ, నెండె, నిమ్మ, మొక్క

బనశంకరి మాస్టారు

మొక్కను చంపకుండా పూరించింది మీరొక్కరే. రెండో ప్రశ్నకు క్రియ లేదు, అయినా అర్థమవుతోంది. పాసు.

హొరమావు అత్తయ్య

నాకు పద్యాలు రావు బాబూ, ఇలా చదువుకుంటూ ఉంటాను. మా నిమ్మ మీద పిట్ట రెట్టలా నలుపు తెలుపు మచ్చలు కనిపిస్తే తుడుద్దామని గుడ్డ పెట్టాను. ఆ రెట్ట కదిలింది! ముట్టుకుంటే నెత్తిన రెండు ఎర్రటి కొమ్ముల్లాంటివి బయటపెట్టి గుప్పున వాసన కొట్టింది. నిమ్మ సీతాకోకచిలుక పురుగట. నాలుగు రోజుల్లో ఆకుపచ్చగా మారి సగం మొక్క తినేసింది. చంపడానికి చేతులు రాలేదు. దీని మీద కూడా ఎవరైనా ఓ పద్యం రాయరూ?

బెళ్లందూరు తమ్ముడు

అత్తయ్యా, 'రెట్ట కదిలె' అన్నారే, అదే వచ్చే వారం సమస్య!

కేఆర్ పురం వదిన (మూడు వారాల తర్వాత)

ఈ చర్చ ఇంకా తెరిచే ఉందా మాస్టారూ? మీరు చెప్పిన రోజే గీరి చూశాను. బెరడు కింద సన్నని పచ్చ గీత. కుండీలోంచి లాగితే వేళ్లు నల్లగా, మెత్తగా, మురుగు కంపు. కుళ్లినవన్నీ కత్తిరించి, ఎర్రమట్టిలో ఇసుక, కొబ్బరి పొట్టు కలిపి కొత్త కుండీలో పెట్టాను. పళ్లెం తీసేశాను. వేలు రెండు కణుపుల లోతు గుచ్చి, పొడిగా తగిలితేనే నీళ్లు.

కుండి మార్చినంత కొత్త చిగురు లేచె
గోటి చివరి యంత గొప్ప యాకు
మొన్న నేల యంటి మూర్ఖురాలిని నేను
"నీరు పోయ నెండె నిమ్మ మొక్క"

బనశంకరి మాస్టారు

నేనిచ్చిన పాదాన్ని నీ నోటితోనే కొట్టేయించావు. 'గోటి చివరి యంత' తర్వాత 'గొప్ప' అనడం దగ్గర కాసేపు ఆగిపోయాను. ఈసారి దిద్దడానికి ఏమీ లేదు. మొదటి పద్యంలో మీ ఆయన ఉన్నారు, ఇందులో లేరేం?

కేఆర్ పురం వదిన

ఉన్నారు. రోజూ వెళ్లి ఆ చిగురు ముందు నిలబడుతున్నారు. చెంబు మాత్రం బీరువాలో పెట్టి తాళం వేశాను.