డైవ్ అంటే దూకడమా, మునగడమా?

అనువాదకుడు:
నీటి క్రీడల గురించిన ఒక పుస్తకాన్ని తెలుగులోకి తెస్తున్నాను. ‘డైవ్’ అనే ఇంగ్లీషు మాట కనిపించిన ప్రతిచోటా ‘దూకు’ అని వ్రాసుకుంటూ పోయాను. సగం పుస్తకం అయ్యేసరికి తిమింగలం దూకింది, జలాంతర్గామి దూకింది, చివరికి చెరువు నడుమ తేలుతున్న బాతు కూడా ఉన్నచోటనే దూకింది. అప్పటికే నీటిలో ఉన్నది మళ్ళీ నీటిలోకి దూకడమేమిటి? ఈ మాట పుట్టుక తెలిసినవారు చెప్పగలరు.

భాషాశాస్త్ర విద్యార్థి:
పుట్టుకతో అది దూకుడుకు సంబంధించిన మాటే కాదు. పాత ఇంగ్లీషులో ‘డూవన్’, ‘డ్యూవన్’ అని పలికే రెండు క్రియలుండేవి. మొదటిది తాను మునగడానికి, రెండవది మరొకదానిని ముంచడానికి. మనకు ‘మునుగు’, ‘ముంచు’ ఉన్నట్లే. మధ్య ఇంగ్లీషు కాలంలో ఈ రెండూ ఒకటిగా కలిసిపోయి, రూపం ముంచేదానినుండి, అర్థం మునిగేదానినుండి మిగిలాయి. లోతు అని అర్థమిచ్చే ‘డీప్’, ముంచి తీయడమనే ‘డిప్’ కూడా దీని చుట్టాలే. కాబట్టి మీ బాతు తప్పేమీ చేయలేదు. అన్నట్టు, బాతుకు ఇంగ్లీషులో ఉన్న ‘డక్’ అనే పేరు కూడా ‘మునిగేది’ అన్న అర్థంలో వచ్చినదే, అయితే దాని ధాతువు వేరు.

ఈత శిక్షకురాలు:
నా దగ్గరికి వచ్చే పిల్లలు డైవ్ అనగానే ఎంత ఎత్తునుండి దూకాలని అడుగుతారు. పోటీలలో 3 మీటర్ల స్ప్రింగ్‌బోర్డు, 10 మీటర్ల ప్లాట్‌ఫాం ఉన్న మాట నిజమే కాని, గాలిలో ఎన్ని పిల్లిమొగ్గలు వేసినా నీరు చిందితే మార్కులు పోతాయి. చేతులు జోడించి నిట్టనిలువుగా దిగినవారి వెనుక బట్ట చింపినట్లు ఒక్క చప్పుడు వినిపించి, నీరు వెంటనే మూసుకుంటుంది. ఆ చప్పుడు వినబడిన రోజున, దూకడంకన్నా మునగడమే ఇందులో అసలు విద్య అని నాకు అర్థమైంది.

స్కూబా అభ్యాసకుడు:
స్కూబా అంటే వీపున గాలి సిలిండరు కట్టుకుని నీటి అడుగున ఊపిరి తీసుకుంటూ ఈదడం. మేము చిన్న పడవ అంచున కూర్చుని, ముఖానికి పెట్టుకున్న అద్దాన్ని చేత్తో అదిమి పట్టుకుని, వెనక్కి దొర్లిపోతాం. దానిని ఎవరూ దూకడమనరు. మా లాగ్‌బుక్‌లో ‘డైవ్’ కింద వ్రాసుకునేది నీటి అడుగున గడిపిన నిమిషాలు, దిగిన లోతు మాత్రమే. అనువాదంలో ఇక్కడ ‘దూకు’ అని వ్రాస్తే మా లెక్క మొత్తం తారుమారవుతుంది.

పాత్రికేయుడు:
నీరే లేని డైవ్‌లు కూడా ఉన్నాయి. క్యాచ్ కోసం ఫీల్డర్ నేలమీదికి చాచుకుని పడినా, ఫుట్‌బాల్‌లో ఎవరూ తగలకుండానే పడిపోయి ఫౌల్ కోసం నటించినా అదే మాట వాడతారు. అమెరికాలో నాసిరకం సారాయి దుకాణాన్ని ‘డైవ్’ అనడం 1870ల నాటికే ఉంది; అటువంటివి చాలావరకు నేలమాళిగలలో ఉండటమే అందుకు కారణమని సాధారణంగా చెబుతారు. ఇక్కడా కిందికి దిగడమే తప్ప దూకడం లేదు.

భాషాశాస్త్ర విద్యార్థి:
ఒక్కసారిగా నీటిలో పడడమనే ‘ప్లంజ్’ మాటను దీనితో కలపకండి. అది ఫ్రెంచి ద్వారా, సీసానికి లాటిన్‌లో ఉన్న ‘ప్లంబమ్’ నుండి వచ్చింది. లోతు కొలవడానికి నావికులు తాడుకు కట్టి వదిలే సీసపు గుండు దాని వెనుక ఉన్న చిత్రం. సీసపు గొట్టాలతో పని చేసిన ‘ప్లంబర్’ కూడా అక్కడివాడే. ఇక ‘డైవ్’ భూతకాల రూపాలలో ‘డైవ్డ్’ పాతది. ‘డ్రైవ్, డ్రోవ్’ను చూసి 19వ శతాబ్దంలో అమెరికాలో ‘డోవ్’ వ్యాపించింది.

అనువాదకుడు:
మొదటినుండి మళ్ళీ దిద్దుకుంటూ వస్తున్నాను. తిమింగలం, జలాంతర్గామి, బాతు మునిగాయి. ప్లాట్‌ఫాం మీది క్రీడాకారిణి దూకి మునిగింది. స్కూబా ప్రకరణంలో ‘మునక’ అని పెట్టాను. ఫుట్‌బాల్ ఆటగాడిని మాత్రం ఎటూ తేల్చలేక, ‘దొంగపాటుగా పడ్డాడు’ అని వ్రాసి పెన్సిలుతో చుట్టి ఉంచాను.