ఓటు విజయవాడలో, పోటీ ఊళ్లో: కుదురుతుందా?

అందరికీ నమస్కారం. మేం సత్యనారాయణపురంలో అద్దెకు ఉంటున్నాం. మా ఆవిడకి తెనాలి దగ్గర మా సొంతూళ్లో సర్పంచ్‌గా నిలబడాలని ఉంది. వయసు 34 కాబట్టి 21 నిండాలన్న షరతుతో ఇబ్బంది లేదు. మాకు ముగ్గురు పిల్లలు. ఇద్దరికి మించితే అనర్హులన్న పాత నిబంధనను 2024లో అసెంబ్లీ తీసేసింది కాబట్టి ఆ బెంగా తీరింది. (మా మామయ్య ఇంకా నమ్మట్లేదనుకోండి.)

అసలు చిక్కు ఓటు దగ్గరే. అసెంబ్లీకైతే రాష్ట్రంలో ఎక్కడ ఓటున్నా చాలు, సర్పంచ్‌కి మాత్రం ఆ పంచాయతీ జాబితాలోనే పేరుండాలి. తన ఓటేమో ఇక్కడుంది. ఫారం-8 పెట్టి మార్చుకోవచ్చని తెలుసు, కానీ అక్కడ 'సాధారణ నివాసం' ఉండాలట. సొంత ఇల్లుంటే సరిపోదట. పిల్లల బడి కోసం వారంలో ఐదు రోజులు ఇక్కడే ఉంటుంది, శని ఆదివారాలు ఊళ్లో అత్తగారి దగ్గర. దీన్ని నివాసం అంటారా? తప్పుడు డిక్లరేషన్‌కి ఏడాది దాకా జైలు అని చదివాక టెన్షన్ పట్టుకుంది.

ఇలా ఓటు మార్చుకుని పోటీ చేసినవాళ్లెవరైనా ఉన్నారా? విచారణకి వచ్చిన బీఎల్వో (బూత్ స్థాయి ఎన్నికల అధికారి) ఏం అడిగారు? ఊళ్లో రేషన్ కార్డు, గ్యాస్ బిల్లు చూపిస్తే చాలా? నామినేషన్ల పరిశీలనలో అవతలివాళ్లు దీన్నే పట్టుకుంటే ఏం చేశారు?