పూడిక తీసే ముందు చెరువు మట్టిని పరీక్షకు దాచాలా, వద్దా?

హన్మకొండ జియాలజీ:
వరంగల్ భద్రకాళి చెరువును పూడిక తీయడానికి 2024 నవంబరులో ఖాళీ చేసినప్పటి నుంచి నాకు ఒకటే టెన్షన్. మన ఊళ్లోకి ప్లాస్టిక్ ఎప్పుడు వచ్చింది, ఏ ఏళ్లలో పెరిగింది అనే లెక్క చెరువు ఒండ్రులోనే ఉంటుంది. లారీల్లో ఒండ్రు పోతే ఆ లెక్కా పోయినట్టే. అడుగు చెదరకుండా గొట్టం దింపి మట్టిని పైకి తీస్తే, పొరల వయసు సీసం-210తో (కాలంతో పాటు తగ్గిపోయే రేడియోధార్మిక సీసం) కట్టొచ్చు. దాని అర్ధజీవిత కాలం, అంటే సగానికి తగ్గే కాలం, 22 ఏళ్లు, కాబట్టి సుమారు వందేళ్ల వెనక్కి వెళ్లొచ్చు. అణుబాంబు పరీక్షల నుంచి వచ్చిన రేడియోధార్మిక సీజియం-137 ఎక్కువగా పడిన 1963 పొర ఇంకో గుర్తు. తర్వాత ఒక్కో పొరలో 5 మిల్లీమీటర్ల లోపు ప్లాస్టిక్ ముక్కలు (మైక్రోప్లాస్టిక్) ఎన్ని ఉన్నాయో లెక్కపెడతారు. ఏ చెరువులో పూడిక తీసినా ముందు ఇలా మట్టి తీసి దాచడం తప్పనిసరి చేయాలంటాను.

మానేరు రైతు:
చెల్లె, 2015లో చెరువుల బాగుకు మిషన్ కాకతీయ పథకం మొదలయ్యాక మా చెరువు మట్టి పొలాలకు తోలుకున్నాం. ఎరువు ఖర్చు తగ్గింది. పూడిక తీయడానికి దొరికేది ఎండాకాలమే. పరీక్షల పేరుతో పని ఆగి వాన పడిందంటే ట్రాక్టర్ దిగదు. ఇంకో మాట. ఎండిన చెరువులో చెయ్యి పట్టేంత బీటలు పడతాయి. తొలి వానకు పైమట్టి అందులోకి జారుతుంది, బర్రెలు తొక్కుతాయి. కింద దొరికిన కవరు ముక్క పాతదే అని ఎట్లా చెబుతారు?

గోదావరిఖని:
రైతన్న అడిగిందే అసలు ప్రశ్న. లాత్వియా సరస్సుల మీద 2024లో వచ్చిన పరిశోధనలో 1700ల తొలి సగం నాటి పొరల్లోనూ మైక్రోప్లాస్టిక్ దొరికింది. పూర్తి కృత్రిమ ప్లాస్టిక్ అయిన బేకలైట్ వచ్చిందే 1907లో! అంటే ముక్కలు కిందికి జారాయి. నది అడుగైతే ఇంకా నమ్మలేం. మాంచెస్టర్ దగ్గరి నదుల అడుగున ఉన్న మైక్రోప్లాస్టిక్‌లో 70 శాతం దాకా వరదలు కొట్టుకుపోయాయని 2018లో తేల్చారు. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. అంత వరదకు ఇసుకలో ఏ పొర నిలుస్తుంది?

హన్మకొండ జియాలజీ:
అందుకే చోటు ఎంచుకోవాలి. పారే నది ఇసుకలో కాదు, ఎండాకాలంలోనూ నీళ్లుండే లోతులో తీయాలి. శ్రీరాంసాగర్‌నే చూడండి, 112 టీఎంసీలకు కట్టిన జలాశయం పూడిక వల్ల సర్వేల్లో మొదట 90కి, తర్వాత 80కి దిగింది. అంత ఒండ్రు అక్కడే ఉంది. పైగా డ్యామ్‌లో నీళ్లు నిలిచింది ఏ ఏడాదో మనకు తెలుసు. ఒండ్రు కింద పాత నేల తగిలిన చోట సీసం లెక్క సరిపోయిందో లేదో చూసుకోవచ్చు. ఆ పాత నేలలోకి ప్లాస్టిక్ దిగిపోతూ వచ్చిందనుకోండి, జారుడు ఎంతో కూడా తెలుస్తుంది. లాత్వియా వాళ్లు చెప్పింది కూడా ప్లాస్టిక్ ఒక్కదాన్నే కాలానికి గుర్తుగా పెట్టుకోవద్దనే, మట్టి చదవొద్దని కాదు.

రైతన్నా, గొట్టం దింపడానికి పని ఆపక్కర్లేదు, తవ్వకం మొదలయ్యే ముందు ఒక పూట చాలు. పొలంలో పోసుకునే మట్టిలో ఏముందో ముందు తెలియాల్సింది మీకే కదా?

మానేరు రైతు:
ఆ మాట ఒప్పుకుంటా. టౌన్ మురికికాలువ కలిసే మూల మట్టిని మేం ఎట్లాగూ పొలానికి తోలం. పరీక్షలో ప్లాస్టిక్ ఉందని తేలితే మట్టి మొత్తం బంద్ పెడతారేమోనని నా భయం. ఏ మూల మట్టి వద్దో, ఏది తోలుకోవచ్చో రాసిస్తేనే మా చెరువులో గొట్టం దింపనిస్తా.

హన్మకొండ జియాలజీ:
న్యాయమైన షరతు. అయితే ఒక్కచోట సరిపోదు. కాలువ మూల, మధ్యలో, తూము దగ్గర విడివిడిగా తీయాలి. పీవీసీ పైపు వాడొద్దు, దాని పొట్టే లెక్కలో కలుస్తుంది. స్టీలు గొట్టం కావాలి, బట్టల ప్లాస్టిక్ పోగులు మట్టిలో పడకుండా తీసేవాళ్లు నూలు బట్టలు వేసుకోవాలి. ప్లాస్టిక్‌ను వేరు చేయడానికి మట్టిని ఉప్పునీళ్లలో కలిపితే పాలిథిన్ తేలుతుంది కానీ బరువైన పీవీసీ, పాలిస్టర్ పోగులు తేలాలంటే జింక్ క్లోరైడ్ ద్రావణం ఉండాలి. ఈ ఖర్చును పూడికతీత అంచనాలోనే కలపమని అడుగుదాం.