నా ఆశ ఏదో దేవుని చిత్తం ఏదో ఎలా తేల్చుకోవాలి? (సంఘ నాయకులు చెప్పగలరు)

చిన్నమంద_కాపరి:
అందరికీ వందనాలు. ఒక చిన్న సంఘం చూసుకుంటున్నాను, ఇప్పుడు ఇంకో చోట కూడా ఆరాధన మొదలుపెడదామా అనే మాట నడుస్తోంది, పెద్దల్లో కొందరు సరే అంటున్నారు కొందరు ఇప్పుడే ఎందుకండి అంటున్నారు, ఈలోపు ప్రార్థన కూడికలో ఒక సిస్టర్ గారు లేచి దేవుడు నాకు దర్శనంలో చూపించాడు, పాస్టర్ గారు వెళ్ళాల్సిందే అన్నారు. అసలు నా భయం ఆ దర్శనం గురించి కాదు. నాకూ వెళ్ళాలనే ఉంది, బాగా ఉంది. మోకరిస్తే వెళ్ళు అన్నట్టే అనిపిస్తుంది గానీ అది ఆయన స్వరమా, నా ఆశే మళ్ళీ నాకు వినబడుతోందా తెలియట్లేదు. ఇలాంటప్పుడు మీరేం చేస్తారు?

విశ్వాస_వీరుడు:
ఉపవాసం ఉండి ప్రార్థించండి బ్రదర్. మనసులో సమాధానం (నెమ్మది) వస్తే దేవుని చిత్తం, రాకపోతే కాదు. సింపుల్.

బెరయ_చదువరి:
అంత సింపుల్ కాదు అన్నా. యోనా దేవుడి మాట కాదని పారిపోతూ అంత తుఫాన్లో ఓడ అడుగున గాఢనిద్ర పోయాడు, అంతకన్నా సమాధానం ఎవరికుంది 🙂 యేసు ప్రభువేమో సిలువకు ముందు రాత్రి గెత్సెమనే తోటలో తండ్రి చిత్తానికి లోబడుతూనే వేదనపడ్డాడు.

కాపరి గారూ, 2 సమూయేలు 7 ఒకసారి చూడండి. మందిరం కట్టాలని ఉందని దావీదు రాజు అనగానే ప్రవక్త నాతాను కానివ్వు, దేవుడు నీకు తోడున్నాడు అనేశాడు, ఆ రాత్రే దేవుడు కట్టేది నువ్వు కాదు నీ కొడుకు అని చెప్పి పంపాడు. నాతానేమీ అబద్ధ ప్రవక్త కాదు, దావీదు కోరిక కూడా చెడ్డది కాదు, అయినా తప్పింది. నాకు నచ్చేది ఏంటంటే నాతాను వెళ్ళి రాజు మొహం మీదే నిన్నటి మాట మార్చి చెప్పగలిగాడు, రాజు విన్నాడు. మీకు అలా చెప్పగలిగేవాళ్ళు ఉన్నారా? వద్దంటున్న పెద్దలు ఎందుకు వద్దంటున్నారో కూర్చుని విన్నారా, లేక వీళ్ళకి విశ్వాసం తక్కువ అనేసుకున్నారా? అపొస్తలుల కార్యములు 15లో కూడా యూదులు కాని విశ్వాసులు సున్నతి పొందాలా అని బోలెడంత వాదన అయ్యాకే అపొస్తలులూ పెద్దలూ ఇది పరిశుద్ధాత్మకూ మాకూ తోచింది అని ఉత్తరం రాశారు. వాదించుకుంటే ఆత్మ వెళ్ళిపోతాడని వాళ్ళేం భయపడలేదు.

మౌనధ్యాని:
నేను క్యాథలిక్ని, మా దాంట్లో పునీత లొయోలా ఇగ్నేషియస్ గారు దీని గురించే చాలా చెప్పారు. 1521లో యుద్ధంలో కాలు విరిగి మంచాన పడ్డప్పుడు ఆయనకి రెండు రకాల ఊహలు వచ్చేవంట, వీరుడిగా పేరు తెచ్చుకోవడం గురించి ఒకటి, పునీతుల్లా బతకడం గురించి ఒకటి. అనుకుంటున్నంతసేపు రెండూ బాగానే ఉండేవి, తర్వాత మాత్రం మొదటిది మనసుని ఎండగట్టేది, రెండోది సంతోషాన్ని మిగిల్చేది. కాబట్టి ప్రార్థనలో ఉన్నప్పటి ఊపు కాదు, ఆ తర్వాత ఏం మిగిలింది అనేది చూడండి. ఇంకోటి, మీకు ముక్కూ మొహం తెలియని కాపరి ఎవరైనా ఇదే విషయం వచ్చి అడిగితే ఏం చెప్తారో అది మీరు చెయ్యండి, ఇది కూడా ఆయన చెప్పిందే.

పరిచారకురాలు:
దర్శనం సంగతి ఎవరూ ఎత్తట్లేదు. 1 కొరింథీ 14:29లో ప్రవచించేవాళ్ళు చెప్తే తక్కినవాళ్ళు వివేచించాలి అని ఉంది, అంటే పరీక్షించడం ఆ సిస్టర్ని అవమానించడం కాదు. కానీ దయచేసి పుల్పిట్ (ప్రసంగ వేదిక) మీద మాత్రం ఆ మాట ఎత్తకండి. దేవుడు చూపించాడు అని పాస్టర్ నోటితో వచ్చేశాక ఇంక వద్దన్నవాళ్ళు దేవుడికే ఎదురు తిరిగినట్టు అయిపోతారు, అప్పుడు ఎవరు నోరు తెరుస్తారు చెప్పండి.

చిన్నమంద_కాపరి:
అందరికీ థాంక్స్ అండి. ఆదివారం ఆరాధన అయ్యాక వద్దన్న పెద్దలతో కూర్చుంటాను. ఆ సిస్టర్ గారిని కూడా పిలవమంటారా?

పరిచారకురాలు:
అదే రోజు వద్దు పాస్టర్ గారూ. ఆమె ఎదురుగా ఉంటే పెద్దలు మొహమాటపడతారు. ముందు వాళ్ళ మాట పూర్తిగా వినండి, తర్వాత ఆమెని విడిగా పిలిచి చూసింది ఏంటో, దాని అర్థం అని ఆమె అనుకుంటున్నది ఏంటో వేరువేరుగా చెప్పమనండి.